భాగం పోని సంఖ్య

“నంబర్ అతని నోటి నుంచి రావడం మొదలైతే కాల్చెయ్,” అన్నాడు చీఫ్.

“విక్టర్‌నా సార్?”

“కాదు. నాగన్నని.”

ఏజెంట్ ఈరన్న చేతిలో టీ కప్పు ఆగిపోయింది. నాగన్న ధరూర్ కుర్రాడు, సైన్యంలో కోడ్ క్లర్క్. నలభై ఒక్క అంకెల సంఖ్యను తలలోనే మోస్తున్నవాడు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోని సంఖ్య అది. కోడ్ మెషీన్‌లో దాన్ని కొడితే సరిహద్దులో మనవాళ్ల ప్రతి మాటా శత్రువు చెవిలో పడుతుంది. భాగం పోయే సంఖ్య కొడితే మెషీన్ తనను తానే పేల్చుకుంటుంది. మెషీన్‌ను దొంగిలించిన విదేశీ ముఠా ఇప్పుడు నాగన్ననూ ఎత్తుకెళ్లి గద్వాలలో ఒక మూతబడ్డ పల్లీ మిల్లులో కట్టేసింది.

“వానికి తల్లి ఉంది సార్.”

“సరిహద్దులో ఉన్నవాళ్లకూ ఉన్నారు.”

1991 ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. హమాలీ వేషంలో ఈరన్న బస్తాల వెనక నక్కాడు. గోనెసంచిలో సైలెన్సర్ పిస్టల్. చెవిలో బఠాణీ అంత రిసీవర్. అందులో గరగర తప్ప మాట లేదు. వనపర్తి నుంచి రావాల్సిన కమాండో జీపు ఏ మలుపులో బోల్తా కొట్టిందో! ఈ పల్లీ దుమ్ముకు ఒక్క తుమ్ము వచ్చిందంటే అంతే సంగతులు.

ఎదురుగా లిల్లీ. మొన్నటిదాకా మన డిపార్ట్‌మెంట్ తిండి తిని వాళ్లకు అమ్ముడుపోయిన డబుల్ ఏజెంట్. బొంబాయిలో పెరిగింది, తెలుగు ట్రెయినింగ్‌లో నేర్చింది. నల్లకళ్లద్దాలు, పెదవులకు రంగు, ఒంటి మీద గద్వాల చీర. ఆ పట్టు అంచుకు వరసగా పిన్నీసులు! నేసినవాళ్లు చూస్తే చెంప పగలగొట్టేవాళ్లు.

ముఠా నాయకుడు విక్టర్ నాగన్న కణతకు రివాల్వర్ ఆనించాడు. అటక మీద ఇంకా తుపాకులున్నాయి.

“చెప్తావా, మీ అమ్మని కూడా తెప్పించమంటావా?” అంది లిల్లీ.

“అమ్మ జోలికి పోకున్రి మేడం. చెప్త.” నాగన్న కళ్లు మూసుకున్నాడు. “లాభం...”

ఈరన్న పిస్టల్ ఎత్తి నాగన్న గుండెకు గురిపెట్టాడు.

“లాభమా? ఎవరికి?”

“ఒకటి మేడం. గింజలు కొలిచేటప్పుడు మా దిక్కు మొదటిదాన్ని గట్లనే అంటరు.”

“పల్లెటూరి చాదస్తం!” లిల్లీ ఒకటి కొట్టింది. తనకిక తెలియని తెలుగు లేదనుకుంది.

“నాలుగు... తొమ్మిది... ఆరున్నొక్కటి...”

ఈరన్న వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అంతలో లిల్లీ గోళ్లు రెండు మీటల మీద పడ్డాయి. ఆరు. ఒకటి.

ఈరన్న వేలు సడలింది. గింజల కొలతలో ఆరున్నొక్కటి అంటే ఏడు. ఏడు కొట్టాల్సిన చోట అరవై ఒకటి! అసలు సంఖ్యలో ఎన్ని అంకెలో కూడా ముఠాకు తెలియదు.

నాగన్న చివరి అంకె చెప్పి తల వాల్చేశాడు.

“చెక్ చెయ్,” అన్నాడు విక్టర్. “తొమ్మిదితో భాగిస్తే అయిదు మిగలాలి.” ఆ రహస్యం కూడా లిల్లీ కాజేసిందే.

ఆమె అంకెలన్నీ కూడి, ఆ మొత్తాన్ని తొమ్మిదితో భాగించింది. ఈరన్న గురిని విక్టర్ మీదికి తిప్పాడు. తేడా కనిపిస్తే నాగన్న శవమే.

“అయిదు. కరెక్ట్!”

ఎందుకు కాదు? ఆరూ ఒకటీ కలిపితే ఏడే కదా. అంకెల మొత్తం మారదు. పదకొండుతో కూడా ఒకసారి భాగించి చూద్దామన్న బుద్ధి ఆ మేధావులకు పుట్టలేదు.

“ఇక వీడెందుకు?” విక్టర్ కాల్చబోతూ రివాల్వర్ గుర్రం వెనక్కి లాగాడు. లిల్లీ నవ్వుతూ ఎర్ర బటన్ నొక్కింది.

ఏడు కాస్తా అరవై ఒకటి అయ్యేసరికి అది పదకొండుతో నిశ్శేషంగా భాగం పోయే సంఖ్య అయింది. ఢామ్మని మెషీన్ పేలింది. విక్టర్ ఉలిక్కిపడ్డ క్షణంలోనే ఈరన్న అతని చేతిలో రివాల్వర్‌ను కాల్చి ఎగరగొట్టాడు. గేటు విరుచుకుని కమాండో జీపు లోపలికొచ్చింది. అటక మీది వీరులు చేతులెత్తి దిగారు.

కట్లు విప్పుతూ ఈరన్న అడిగాడు. “కావాల్ననే చెప్పినవా తమ్మీ?”

“ఏంది సార్?”

“ఆరున్నొక్కటి.”

“మరేమనాలె? ఏడు అంటే ఇంట్ల ఏడుపు పుడ్తదని మా అమ్మ చిన్నప్పుడే మూతి మీద కొట్టింది. గిప్పుడు నాతోటి అనిపిచ్చినరు, థూ!”

సంకెళ్లతో జీపెక్కిన లిల్లీ నల్లకళ్లద్దాల కింద నుంచి కాటుక కారుతోంది. ఏడుపు మాత్రం ఆమెకు ఏ ట్రెయినింగూ లేకుండానే వచ్చింది.