ఓవర్ అన్నాడు

"ఫోన్‌లో ఓవర్ అనేసి, ఈడ కూర్చోని టీ తాగతా ఉండావా?"

కాలేజీ క్యాంటీన్‌లో మునిచంద్ర తలెత్తాడు. ఎదురుగా రూపశ్రీ. వానకు జుట్టు తడిసింది. కళ్ళు తడిసింది మాత్రం వానకు కాదు.

నిరుడు సరిహద్దు యుద్ధంలో అతను వైర్‌లెస్ ఆపరేటర్. మోకాట్లో ఫిరంగి గుండు ముక్క దిగడంతో సైన్యం ఇంటికి పంపింది. ఇప్పుడు తిరుపతిలో బీకాం మొదటి సంవత్సరం. క్లాసులో అందరూ 'అన్నా' అంటారు. ఫైనలియర్ రూపశ్రీ మాత్రం 'ఏం జూనియర్' అంటుంది. అలా అనిపించుకోవడానికే అతను రోజూ లైబ్రరీకి వెళ్తాడు.

నిన్న సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఆదివారం వాళ్ళ ఊరు నగరిలో తనకు పెళ్ళిచూపులని చెప్పి, "నువ్వేమంటావు?" అని అడిగింది.

"నిన్ను ఎప్పుడో ఇష్టపడినాను. ఇంక నీ ఇష్టం. ఓవర్."

ఆ తర్వాత అతను ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె కాసేపు చూసి ఫోన్ పెట్టేసింది.

"పెట్టేసింది నువ్వు కదా. నేను కాసుకోనే ఉండాను" అన్నాడు మునిచంద్ర.

"దేనికి? ఓవర్ అంటే అయిపోయినట్టే కదా."

అతను గ్లాసు కింద పెట్టాడు. "అయిపోతే అవుట్ అంటాం మే. ఓవర్ అంటే నా మాట అయింది, ఇంక నువ్వు మాట్లాడు అని."

"మనుషులతో మనుషుల మాదిరి మాట్లాడొచ్చు కదా."

"భయమేస్తే ఆ మాట దానంతటదే వస్తాది. ఆడ బాంబులు పడతా ఉంటే, ఓవర్ అని బటన్ వదిలేస్తాం. అవతలోడు పలికేదాకా వాడు ఉండాడో లేడో తెలీదు. ఒగోసారి పలకడు." అతని గొంతు తగ్గింది. "నిన్న నువ్వు పెట్టేసినాక అట్లే అనిపించింది."

"బాంబులకు భయపడినంత భయపడినావా, నాకు?"

"ఇంకా ఎక్కువే."

రూపశ్రీ అక్కడే నిలబడి వాళ్ళమ్మ శకుంతలమ్మకు ఫోన్ చేసి, స్పీకర్ నొక్కింది. "మా, ఆదివారం వాళ్ళను రావద్దను. నాకు ఒకబ్బాయి నచ్చినాడు."

"ఏం చేస్తాడు?" మగ్గం చప్పుడు మధ్యలోంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది.

"బీకాం ఫస్టియర్."

"నీకంటే చిన్నోడా?"

"పెద్దోడే. ఫెయిలై కాదు మా, యుద్ధానికి పోయొచ్చినాడు."

అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"అట్లయితే ఆదివారం పిలుచుకోని రా" అంది శకుంతలమ్మ. "మీ నాయన ముందర నిలబడేదానికి అట్లాంటోడే కావల్ల."