రొట్టె విరిచిన చేయి

"ఏమిటి వదినగారూ ఇది? తాగేసి ఇక దయచేయమనా?" సాలొమత్ విసురుగా లేచి నిలబడింది!

మఖ్‌ఫిరత్ టీ పోసిన పియాలా వంక చూసింది. అయ్యో... వియ్యపురాలు కాబోయే మనిషికి పియాలా అంచుదాకా పోసేసిందే! అతిథికి అడుగున రెండు గుక్కలే పోయాలి, మళ్ళీ మళ్ళీ పోయాలి. నిండు పియాలా అందించారంటే పొమ్మన్నట్టేనని ఈ ఉజ్బెక్ ఊరు మర్గిలాన్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆమెకి తెలియదా! కానీ కెటిల్ వంచిన చేయి తిరిగి లేవలేదు. వేళ్ళు చల్లబడిపోయి, ఎంత పోస్తోందో కూడా తెలియలేదు...

"పొరపాటు వదినగారూ! మీ కాళ్ళు పట్టుకుంటాను, కూర్చోండి!"

"ఈ వయసులో టీ పోయడం మరిచిపోయారా? సంబంధం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా! మా అబ్బాయి దౌరాన్‌కి పిల్లలే దొరకరనుకున్నారా?"

ఇక దాచి లాభం లేదు. తల్లి జబ్బు బిడ్డకీ వస్తుందంటారేమోనన్న భయంతో పద్నాలుగు నెలలుగా బయటివాళ్ళెవరికీ చూపని కుడిచేయి అది. మఖ్‌ఫిరత్ చొక్కా చేయి పైకి లాగింది. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోట తాడులా ఉబ్బి ఉంది.

"వారానికి మూడుసార్లు వదినగారూ... అప్పటినుంచీ ఈ వేళ్ళకి రక్తం సరిగా అందడం లేదు. మిషన్ మీద ఉన్నంతసేపూ ఎవరో కీళ్ళు మెలిపెడుతున్నట్టే! జడ అల్లుకోలేను, బొత్తాం పెట్టుకోలేను! నా ఓయ్‌దిన్‌కి మాత్రం ఏ జబ్బూ లేదు. డాక్టర్లే చెప్పారు. దాని కిడ్నీ నాకు సరిపోతుందట కూడా!"

సాలొమత్ కూలబడింది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దింది. కళ్ళు నిండిపోయాయి. "ఇంత బాధ ఎలా దాచుకున్నావే పిచ్చిదానా!"

తర్వాత ఆ చొక్కా చేయి మెల్లగా కిందికి దించింది.

"పిల్లని నా కోడలిని చేసుకుంటాను. కానీ... అది నీకు కిడ్నీ ఇవ్వకూడదు వదినా. రేపు కాన్పులో దానికేమైనా అయితే? నేనూ తల్లినే. పాపిష్టిదాన్ననుకో, తిట్టుకో!"

మఖ్‌ఫిరత్‌కి బతుకు మీద ఉన్న ఒకే ఒక్క ఆశ అది! పక్కగదిలోంచి కూతురి నవ్వు వినిపిస్తోంది. దౌరాన్ పేరెత్తి స్నేహితురాళ్ళు ఏడిపిస్తున్నట్టున్నారు. ఆ పిల్ల అలా నవ్వి ఎన్నాళ్ళయిందో!

"ఇవ్వదు. నేను తీసుకోను. ఈ సంగతి దానికి చెప్పకు... రొట్టె పట్టుకో వదినా!"

ఇద్దరు తల్లులూ చెరోవైపు పట్టుకుని రొట్టె విరిస్తేనే సంబంధం ఖాయమైనట్టు. కుడివేళ్ళు బిగుసుకోలేదు. మఖ్‌ఫిరత్ ఎడమచేత్తో వాటిని రొట్టెకి అదిమిపట్టి లాగింది. భుజందాకా మంట పాకింది. పళ్ళు బిగించి మళ్ళీ లాగింది. రొట్టె విరిగింది!

"ముబారక్!" అని సాలొమత్ అరవగానే ఓయ్‌దిన్ పరుగెత్తుకొచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. ఆ వేళ్ళని ముద్దులతో ముంచెత్తింది.

"పెళ్ళవనీ అమ్మా! మొట్టమొదట నిన్నే బాగుచేసుకుంటాను!"

"అలాగేనమ్మా..."

సాలొమత్ ముఖం తిప్పుకుంది. మఖ్‌ఫిరత్ నవ్వుతూ తల ఊపింది. కూతురి పెదవులు తన వేళ్ళని తాకుతున్నాయని కళ్ళతో చూస్తోందే గానీ, ఆ తల్లికి ఒక్క ముద్దూ తెలియలేదు...