కాగితం దాటని పేరు

"నీ పేరు పక్కకి జరుపు. కాగితం దాటిపోయినా పర్లేదు," అన్నాడు పాటల మాస్టారు, టీ గ్లాసు కంప్యూటర్ పక్కన పెడుతూ.

భార్య చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఆయన బృందం పాడే పాటలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించేది ఆవిడే. ప్రతి స్వరం కింద దాని మాట కుదురుగా కూర్చోవాలి, పై వరస మాటలు కింది వరస గీతల్ని తాకకూడదు. ఆయనకి ఫైలు తెరవడం కూడా రాదు. పేరు మాత్రం ఆయనదే. పోనీలే అనుకుంది ఇన్నాళ్ళూ. కానీ ఈ పాట...

ఈ పాట ఆవిడది. పుట్టిన పాపని ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచి, చెయ్యేసి తాకనివ్వకపోతే, ఆ అద్దానికి నోరు ఆనించి కట్టిన పాట. పాప ఇంటికి రానే లేదు... అప్పుడీ పెద్దమనిషి కచేరీలంటూ ఊళ్ళు తిరుగుతున్నాడు. పక్కన కూర్చుని విన్నది అత్తగారొక్కతే.

"అది నా బిడ్డ పాటండీ..."

"నాకు మాత్రం బిడ్డ కాదా? నీ పేరు చూసి ఎవడొస్తాడు? నా పేరుంటే హాలు నిండుతుంది. ఏడవకుండా పని చూడు."

ఆవిడ ఏడవలేదు. కళ్ళల్లో మంట తప్ప నీళ్ళు లేవు.

అన్ని గొంతులూ కలిసిన పెద్ద ప్రతి మాస్టారికి. ఎవరి వరస వాళ్ళకుండే విడి ప్రతులు పాడేవాళ్ళకి. ఒకదాంట్లో జరిపింది రెండోదాంట్లోనూ జరిగేలా ముడేసే సెట్టింగ్ ఒకటుంది. ఆవిడ ఆ ముడి విప్పేసింది. పెద్ద ప్రతిలో ఆయన చెప్పినట్టే తన పేరు అంచు దాటించి, ఆయన పేరు నడిమధ్య నిలబెట్టింది. విడి ప్రతుల్లో ఆయన పేరు ఊడబీకింది. తన పేరు లావు అక్షరాల్లో పెట్టి, కింద ఇంత ఖాళీ వదిలింది. ఎవరి కంటైనా పడి తీరాలి!

మాస్టారు ఎప్పట్లాగే తన ప్రతి ఒక్కటే చూసుకుని, "బావుంది," అన్నాడు. కచేరీ రోజు విడి ప్రతులు హాలు గుమ్మంలో పాడేవాళ్ళకి ఆవిడే పంచింది.

వాళ్ళ బృందంలో ఒక ఆనవాయితీ ఉంది. పాడే ముందు, పాట ఎవరిదో బృందంలో ముందు పాడే పెద్ద గొంతు తన చేతిలోని కాగితం చూసి జనానికి చదివి వినిపిస్తుంది. ఆ పెద్ద గొంతు మాస్టారి చెల్లెలు. చదవబోయి ఆగిపోయింది.

"అన్నయ్యా, ఇక్కడ..."

"కానివ్వవే, జనం చూస్తున్నారు."

ముందు వరసలోంచి అత్తగారు లేచింది. "రాసున్నదే చదువు. అప్పుడు మీ అన్న లేడు. నేనున్నాను, నేను విన్నాను."

చెల్లెలు గొంతు సవరించుకుంది. "మాటలూ బాణీ... మా వదిన."

మాస్టారి మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. అయినా పాట నడిపించడానికి చేతులెత్తక తప్పలేదు. భార్య పాటకి చివరిదాకా తాళం వేస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చి చిందులు తొక్కాడు. "నలుగురిలో నా పరువు తీసి ఏం బాగుపడ్డావు?"

"బాగుపడలేదండీ," అంది ఆవిడ, కంప్యూటర్ ఆపేస్తూ. "కడుపు చల్లబడింది."