వెనక్కి నడిచే బండివాళ్లు

ఇది అబద్ధమని తేల్చగల మొనగాడెవరైనా ఉంటే ముందుకు రండి, మీసం పందెం.

జర్మనీలో డెగ్గెన్‌డార్ఫ్ ఊరి అవతలి అడవిలో ఒక ఏటవాలు దారి ఉంది. పొగమంచు దిగాక కుక్కలు కూడా అటు తొంగిచూడవు. ఎప్పుడో ఓ కుటుంబం అమెరికా పోదామని గూడుబండి కట్టుకుని ఓడరేవుకు బయల్దేరి, ఆ వాలులోనే బండితో సహా బురదలో కలిసిపోయిందట. మంచు పడితే చాలు... ఆ బండిని ఇంకా పైకి లాక్కుంటూనే ఉంటారట.

ఓ నవంబరు సాయంకాలం సరిగ్గా ఆ వాలు దిగబోతూనే నరసింహులు కారు పక్క కాలవలో దిగబడింది. చుట్టూ చీకటి, పొగమంచు — సెల్లుకు సిగ్నల్ లేదు. పక్కసీట్లో భార్య ఛాయాదేవి. మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు, నాలుగడుగులు వెయ్యలేదు.

"మెయిన్ రోడ్డు మీద పోదామంటే విన్నవా?" అంది ఆవిడ. "హీటర్ కూడ ఆగింది. కాళ్లు కొయ్యలైతున్నయి."

"జర ఆగరాదే, ఎవరన్న వస్తరు."

వచ్చారు.

ముందు ఇరుసు కిర్రుమంది. తర్వాత రొప్పులు... మంచులోంచి గూడుబండి ఒకటి పైకొస్తోంది. గుర్రం లేదు. దాని ముందు మనుషులు — పొడుగు కోట్లు, నేలజీరాడే గౌన్లు, తలలకు కుచ్చుల టోపీలు. ఒక్కరికీ మొహం లేదు. నరసింహులు కారు లైట్ల వెలుగులో వాళ్ల కాళ్లకేసి చూశాడు.

మడమలు ముందుకు... వేళ్లు వెనక్కి.

ఒక్కడే అయితే డాన్యూబ్ నదిని ఒక్క దూకులో దాటేసేవాడే. మరి ఛాయ? దిగాడు. కారుకు అడ్డంగా కొండలా నిలబడ్డాడు. ఆయన చదివిన ఆంజనేయ దండకానికి అడవిలో ఆకులన్నీ జలజలా రాలాయి.

ముందున్న టోపీ మనిషి వీపు వచ్చి ఆయన పొట్టకు తగిలింది. ఆగింది. మెల్లగా ఇటు తిరిగింది...

బుగ్గలెర్రబడ్డ ముసలమ్మ. "గూటెన్ ఆబెంట్," అని పలకరించింది రొప్పుతూ, గుసగుసగా. "మీ దారికి అడ్డొచ్చామా?"

సంగతేమంటే, వాళ్లదో క్లబ్బు. ఒకప్పుడు అమెరికాలో గూడుబండ్ల మీద పడమటికి వలసపోయినవాళ్ల వేషాలు కట్టి, ఏటా వారంపాటు అలాగే బతుకుతారు. వాలులో గుర్రాలు మొరాయిస్తే విప్పేసి, తామే తాడు పట్టి, బండివైపు మొహం పెట్టి, వెనక్కి నడుస్తూ లాగుతున్నారు.

అదే తాడు కారుకు కట్టారు. పిప్పిపన్నులా ఊడొచ్చింది. ఛాయాదేవిని బండిలో కూర్చోబెట్టి, కంబళి కప్పి, వేడి సూపు తాగించారు.

నరసింహులు దయ్యాల దండుకు ఎదురు నిలిచాడనడానికి సాక్షి కావాలా? నిక్షేపంలా ఉంది, అంతా కళ్లారా చూసింది. అప్పుడు ఆయన కళ్లు తెరిచే ఉన్నాయా అని మాత్రం ఆవిడను అడక్కండి. సాక్షి పేరు ఛాయాదేవి.