వాక్యంలో లేని ఆవిడ

ఉద్యోగ విరమణ తరువాత, సాయంత్రం పూట గ్రంథాలయంలో పిల్లలకు బొమ్మల కథలు చదవడం నేర్పుతున్నాను. నా పద్ధతి ఒక్కటే. ముందు వాక్యం చదివిస్తాను. తరువాత దాన్ని అట్టముక్కతో మూసి, వాక్యం చెప్పనిది బొమ్మ ఏం చెబుతోందని అడుగుతాను.

ఆ రోజు ముసురు పట్టింది. గదినిండా తడిసిన గొడుగుల వాసన. 'పాప ఇంట్లో ఒంటరిగా ఉంది' అన్నది వాక్యం. బొమ్మలో పాప, తలుపు, బల్ల మీద రెండు గ్లాసులు.

"రెండో గ్లాసుంది కాబట్టి ఎవరో వస్తారు టీచర్," అంది అందరూ వాగుడుకాయ అనే పిల్ల.

మెచ్చుకున్నాను.

"వస్తారేంటే, వచ్చేస్తేనూ? తలుపు దగ్గర ఆవిడ లేదూ?" అంది నా మనవరాలు.

మిగతావాళ్లూ తలలూపారు. నాకు తలుపు తప్ప ఏమీ కనిపించలేదు.

"కళ్లజోడు తుడుచుకో అమ్మమ్మా."

అందరూ నవ్వారు. ఇదంతా దాని పన్నాగమేనని అనుమానించాను. నా కూతురు ఊరెళ్తూ దాన్ని నాకు అప్పగించింది మొదలు, నన్ను ఆటపట్టించడమే దాని పని.

పుస్తకం మూసేశాను. పిల్లలను గోడల వెంబడి దూరదూరంగా కూర్చోబెట్టాను. మనవరాలిని నా పక్కన, అందరికీ ఎదురుగా.

"ఆవిడ ఎలా ఉందో గీయండి. పక్క కాగితంలోకి తొంగిచూస్తే ఊరుకోను."

అబద్ధమైతే తలా ఒక మనిషిని గీసి దొరికిపోతారు.

పెన్సిళ్ల గరగర. పుస్తకం మూసి ఉన్నా, పిల్లలు మాటిమాటికీ తలెత్తి గది మధ్యకు చూస్తున్నారు. నటన బాగానే ఉందనుకున్నాను.

కాగితాలు తీసుకున్నాను. అన్నింటిలోనూ అదే పొడవాటి మనిషి, అదే వదులు జడ. కానీ... ఒకవైపు గోడ పిల్లలు ఎడమ చెంప గీశారు. రెండోవైపు వాళ్లు కుడి చెంప. వెనకవాళ్లు వీపు.

పుస్తకంలోని బొమ్మ ఎటునుంచి చూసినా ఒకేలా ఉంటుంది.

ఆ ముఖం ఎటు తిరిగి ఉందో అర్థమై పక్కకు చూశాను. మనవరాలి కాగితం నిండా రెండు అరచేతులు.

"ముఖం... గీయలేదేం?"

"ఆవిడ చేతులు నా కళ్లకు అడ్డొచ్చాయి అమ్మమ్మా," అంది మెల్లగా.

క్లాసు అయిపోయిందన్నాను. పిల్లలు గది మధ్యకు రాకుండా, గోడ పట్టుకుని ఒక్కొక్కరే బయటికి నడిచారు. నేను మనవరాలిని చంకనేసుకుని వాళ్ల వెనకే వచ్చేశాను.

ఇప్పుడు ఎవరు పిలిచినా, నా మనవరాలు తల కొంచెం పక్కకు వంచి, దేన్నో తప్పించుకుని చూస్తుంది.