విప్పిన కుట్లు

ఆ పొద్దున ఇంట్లో కుట్టుమిషన్ మోగలేదు. కోడలు పొయ్యి మీద పాలు పెట్టి చెవులు రిక్కించింది. అత్తగారి గదికి నిన్న సాయంత్రం పడిన గడియ ఇంకా తీయలేదు. రాత్రి పెట్టిన భోజనం గుమ్మం ముందు చల్లారిపోయి ఉంది.

ఆ ఇల్లు నిలబడిందే అత్తగారి కుట్టు మీద. భర్త పోయాక ఒంటిచేత్తో కొడుకును పెంచింది. ఈమధ్య ఆవిడకు చూపు మందగించి కుట్లు పక్కకు పోతున్నాయి. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసినప్పుడు కోడలు ఆ కుట్లు విప్పి మళ్లీ కుట్టేది. మంచిపనే చేస్తున్నానని మురిసిపోయేది కూడా.

నిన్న ఒకావిడ, ఇక్కడ కుట్టించిన గౌను వేసిన కూతురిని వెంటబెట్టుకొచ్చింది. అత్తగారు ఆ పిల్ల కాలర్ తడిమి చూసి, "ఇది నా చేతి కుట్టు కాదే" అంది.

"మీ కోడలు సరిచేసే ఇస్తుందిగా. వీధిలో అందరికీ తెలుసు" అనేసింది ఆ పిల్ల తల్లి. కొందరి నోట్లో నువ్వుగింజ నానదు.

ఈ పొద్దున కొడుకు వచ్చి తల్లి గది తలుపు తట్టాడు. "ఏం తక్కువైందమ్మా నీకు? కూర్చోబెట్టి చూసుకుంటున్నాం కదా."

"బొమ్మను కూడా కూర్చోబెట్టే చూసుకుంటార్రా" అంది లోపలి గొంతు.

అతను పక్కకు జరిగాడు. కోడలు తలుపు దగ్గర కూలబడింది. "అత్తయ్యా, షుగరు మాత్రయినా వేసుకోండి. మీ కాళ్లు పట్టుకుంటాను. మీ మనసు నొచ్చుకుంటుందనే చెప్పలేదు."

"నాకు తప్ప అందరికీ తెలుసు. వాళ్ల ముందు నా కుట్టు గురించి గొప్పలు పోయానే. ఇంక ఏ మొహం పెట్టుకుని బయటికి రాను?"

ఆ గొంతు నీరసంగా ఉంది.  కోడలు ఇంకో తీపి మాట వెతికింది, దొరకలేదు. ఏడుస్తూనే అసలు మాట అనేసింది.

"మీకు చూపు ఆనడం లేదు అత్తయ్యా. బట్టలు పాడవుతున్నాయి. ఇక మీరు మిషన్ ముందు కూర్చోవద్దు."

 భర్త కళ్లెర్రజేశాడు. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. అత్తగారు గోడ పట్టుకుని నిలబడింది, కళ్లు వాచిపోయి.

"ఈ ముక్క మొదటిరోజే అనలేకపోయావా?" అంది. "తిట్టినా పడేదాన్ని. తిట్టదగ్గ మనిషినే అనుకునేదాన్ని."

కోడలు ఆవిడను పట్టుకుని బావురుమంది. అత్తయ్య మర్యాద కాపాడుతున్నాననుకుంటూ, రోజూ ఆవిడ నిద్రపోయాక దాన్నే తీసేసింది తను.

"డాక్టరు దగ్గరికి వెళదాం అత్తయ్యా."

"వెళదాం. కళ్లు ఇక రావని చెప్పినా సరే, నా మొహం మీదే చెప్పమను. మీ ఇద్దరినీ బయటికి పిలిచి చెబితే మాత్రం నేను ఊరుకోను."

"పిలిచినా మేం వెళ్లం."

అత్తగారు మాత్రల కోసం చెయ్యి చాచింది.