తుప్పు ముట్టకు!

“కత్తుల మీద కమ్మరులు చెక్కే సంతకాల్లో నకిలీలను పట్టిచ్చే పుస్తకం అది. బొమ్మల్లో మనవాళ్ల పేర్లు కోడ్ చేసి దాచారు,” అన్నాడు చీఫ్ ఇవనాగా. “నాలుగింటికి విదేశీ ఓడ మనిషి వచ్చి పట్టుకుపోతాడు. పోయిందా, పదకొండు మంది ఏజెంట్లూ హతం. నీ తమ్ముడితో సహా.”

కత్తుల నిపుణుడి వేషంలో నరుసే ఆ పుస్తకం వేసిన టోక్యో ప్రచురణ సంస్థలో అడుగు పెట్టాడు. లోపల తమ ఏజెంట్ మినెకో ఉందన్న ధీమా. ఆమె తియ్యగా నవ్వి నేలమాళిగ చూపించింది. లోపలికి వెళ్లాడో లేదో ఇనుప తలుపు ధడాలున మూసుకుంది. అందగత్తె నవ్విందని వెనకాలే వెళ్లే మగాడికి ఇంకేం జరుగుతుంది!

“వాళ్లకీ పని చేస్తున్నానండీ. ఏమనుకోకండి నరుసే గారూ,” అంది బయటినుంచి.

మూడూ నలభై. కిటికీ లేదు. వాచీలోని రేడియో గుర్రుమంటోంది తప్ప పలకడం లేదు. లైటర్ అడుగున దాచిన చిన్న ఆకురాయి ఆ తలుపును ఏం చేస్తుంది? తమ్ముడు గుర్తొచ్చి గదంతా వెతికాడు.

బీరువాలో సంస్థ యజమాని కురొసాకా ప్రాణంలా దాచుకున్న ఏడువందల ఏళ్ల కత్తి ఉంది. నరుసే పిడి ఊడదీశాడు. పిడిలో దాగిన ఇనుము మీద నల్లని తుప్పు, దాని కింద కమ్మరి సంతకం.

“కురొసాకా గారూ! మీ కత్తి పిడి ఊడదీశాను. ఛీ, ఎంత తుప్పండీ! గీకి తళతళలాడిస్తాను,” అని తలుపు వైపు అరిచాడు.

కర్... కర్... ఇనుము మీద ఆకురాయి.

“ఒరేయ్! తుప్పు ముట్టకు! దాని వయసుకి సాక్ష్యం అదేరా!” బయటినుంచి ముసలి కురొసాకా గొంతు.

“తలుపు తీయకండి, కురొసాకా గారూ!” మినెకో అరిచింది.

“నోర్ముయ్!”

గడియ తీసిన చప్పుడైంది. ముసలాయన ఏడుస్తూ కత్తి వైపు పరిగెత్తాడు, నరుసే మెట్ల వైపు. పైన మినెకో అప్పటికే పార్సెల్ ఓడ మనిషి చేతికి అందిస్తోంది. నరుసే మధ్యలోకి దూకి లాక్కున్నాడు. వాచీ ఇప్పుడు పలికింది. అతని పిలుపుతో వీధిలో కాపు కాసిన తమవాళ్లు నలుగురు లోపలికి తోసుకొచ్చారు. గోడ గడియారం నాలుగు కొట్టింది.

సాయంత్రం చీఫ్ తల పట్టుకున్నాడు. “తుప్పు ఎంత గీకావయ్యా? ఆ కత్తి ఇక మ్యూజియానికే పోతుంది, వాళ్లు నన్ను పీక్కుతింటారు.”

“రవ్వంత కూడా పోలేదు సార్. నేను గీకింది బీరువా కాలు.”

“అదేంటి? ఆయన తలుపు తీయకపోతే?”

“కత్తినే గీకుదామనుకున్నాను సార్. రెండుసార్లు ఆకురాయి ఆనించాను. ఏడువందల ఏళ్ల కత్తి కదా, చెయ్యి రాలేదు.”

“ఓరి నీ! అక్కడ నీ తమ్ముడి ప్రాణం ఉంది కదయ్యా!”

నరుసే తల దించుకున్నాడు.

“ఉంది సార్. వాడికి మాత్రం చెప్పకండి.”